మరెక్కడా దొరకని బేరం

బట్టలకొట్టు గుమాస్తా చీర మడత విప్పి పరుస్తూ, "ఈ రకం మా కొట్లో తప్ప బజారు మొత్తంలో మరెక్కడా దొరకదమ్మా" అంటాడు. ఈ మాట వినని తెలుగు ఇల్లాలు వుండదు. వినగానే సగం మంది చెయ్యి డబ్బుల సంచీ మీదికి పోతుంది. మా అమ్మ మాత్రం కొంగు అంచును వేళ్ల మధ్య నలిపి చూస్తూ, "మరెక్కడా ఎందుకు దొరకదు నాయనా?" అని అడిగేది. గుమాస్తా దగ్గర సరైన జవాబు వుంటే చీర మా ఇంటికి వచ్చేది. నీళ్లు నమిలితే మేము లేచి వచ్చేసేవాళ్లం.

2024 ఆగస్టులో ఈ ప్రశ్న నాకు మళ్లీ జ్ఞాపకం వచ్చింది. అయితే ఈసారి బేరం చీరది కాదు, లాప్‌టాప్‌ది. కొట్టు మన బజారులోది కాదు, అమెరికాలోని వాల్‌మార్ట్.

మా మేనకోడలు ఆ నెలలోనే కంప్యూటర్ సైన్సులో ఎమ్మెస్ చదవడానికి టెక్సాస్ రాష్ట్రంలోని డల్లాస్ ప్రాంతానికి వెళ్లింది. ఇంజనీరింగు మొదటి సంవత్సరంలో కొన్న లాప్‌టాప్‌నే వెంట తీసుకుపోయింది. అది విమానమైతే దిగింది గాని, దిగిన రెండో వారానికే కన్ను మూసింది. అక్కడ క్లాసులు మొదలైనాయి. ఇక్కడ మా బావగారు ఇల్లు తనఖా పెట్టి బాంకులో తీసుకున్న అప్పుకు అప్పుడే వడ్డీ లెక్క మొదలైంది. ఒకనాటి రాత్రి ఆయన నాకు ఫోను చేశారు.

"ఏమోయ్, నీ మేనకోడలు వెయ్యి డాలర్ల యంత్రం కావాలంటున్నది. అదే కంపెనీ సరుకు వాల్‌మార్టులో ఏడువందలకే వున్నదట. మూడువందల డాలర్లంటే పాతికవేల రూపాయలు గదా! చవకదే కొనమని నేను, చవకది చెడిపోతే ఆ దేశంలో ఎవరు చూస్తారని మీ అక్క. నాలుగు రోజులుగా ఇంట్లో ఇదే గోల. మీ కాలేజీలో తెలిసినవాళ్లుంటారు, కనుక్కుని చెప్పు."

నేను తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. సమాసాలు విడదీయడం వచ్చు గాని కంప్యూటర్లు విడదీయడం రాదు. అయినా మేనమామ అన్నాక తప్పదు. మా కంప్యూటర్ శాఖ మాస్టారిని పట్టుకుని రెండు సాయంత్రాలు కాఫీ తాగించాను. ఆ తరువాత నాకు బోధపడిన సంగతులే ఇక్కడ రాస్తున్నాను. ఏటా ఎన్నో తెలుగు కుటుంబాలు ఇదే బేరం ముందు నిలబడి తల గోక్కుంటున్నాయి గనుక, మా ఇంటి గొడవ నలుగురికీ పనికిరాకపోదు.

ముందుగా ఆ యంత్రం సంగతి. అది ఆపిల్ కంపెనీవారి మాక్‌బుక్ ఎయిర్, ఎం1 రకం. అంతకు ముందు ఆపిల్‌వారు తమ మాక్ యంత్రాలలో ఇంటెల్ కంపెనీ చిప్పులు వాడేవారు. 2020 నవంబరులో తాము స్వయంగా రూపొందించిన ఎం1 చిప్పును మొదటిసారిగా ఇందులో పెట్టారు. 13.3 అంగుళాల తెర, 1.29 కిలోల బరువు. లోపల ఫాను లేదు గనుక చప్పుడు లేదు. ఒకసారి చార్జి చేస్తే 18 గంటలు వీడియో చూడవచ్చునని కంపెనీవారి మాట. వచ్చిన కొత్తలో అమెరికాలో 999 డాలర్లు, మన దేశంలో 92,900 రూపాయలు. 2024 మార్చి 15న వాల్‌మార్ట్‌వారు దీనిని 699 డాలర్లకు అమ్ముతామని ప్రకటించారు. ఆ సంస్థ మాక్ కంప్యూటర్లను తానే నేరుగా అమ్మకానికి పెట్టడం అదే మొదటిసారి.

ఇప్పుడు మా అమ్మ ప్రశ్న. మరెక్కడా ఎందుకు దొరకదు?

దీనికి జవాబు తేదీలలోనే వున్నది. అదే 2024 మార్చి మొదటి వారంలో ఆపిల్‌వారు ఎం3 చిప్పుతో కొత్త మాక్‌బుక్ ఎయిర్‌ను విడుదల చేశారు. దాని వెల 1,099. అంతకు ముందరి ఎం2 రకాన్ని 999కి దించారు. అన్నిటికన్నా పాతదైన ఎం1ను తమ సొంత దుకాణాల జాబితానుంచి తీసివేశారు. తీసివేసిన పది రోజులకే అది వాల్‌మార్ట్ బీరువాలో ప్రత్యక్షమైంది. వెయ్యి డాలర్లకు తక్కువైన లాప్‌టాప్‌ను తమ అద్దాల మేడలో పెట్టుకోవడం ఆపిల్‌వారికి ఇష్టం లేకపోయింది కాబోలు. అలాగని ఏడువందలు మాత్రమే ఇవ్వగలిగిన జనాన్ని వదులుకోవడమూ ఇష్టం లేకపోయింది. ఇది నా వూహ. వూహ ఎలా వున్నా, సరుకులో లోపం వుండి పక్కకు నెట్టినది కాదన్నది స్పష్టం. పెట్టె కొత్తది, ఏడాది వారంటీ ఆపిల్‌వారిదే. ఒక యంత్రాన్ని అమ్మడం మానివేసిన తరువాత కూడా కనీసం అయిదేళ్లు విడిభాగాలు అందుబాటులో వుంచుతామన్నది వారి నియమం. మా అక్కయ్య భయానికి ఇది జవాబు.

అయితే ఒకే కొట్టులో దొరికే సరుకంతా ఇలాంటిదే అనుకుంటే పప్పులో కాలు వేసినట్లే. ఇందులో మరో జాతి వున్నది. అది పేరు అద్దెకు తెచ్చుకునే జాతి.

గేట్‌వే అనే కంపెనీ కథ వినండి. 1985లో టెడ్ వెయిట్ అనే యువకుడు అయోవా రాష్ట్రంలో, తన కుటుంబంవారి పశువుల క్షేత్రంలో కంప్యూటర్ల వ్యాపారం మొదలుపెట్టాడు. పుట్టిన చోటును మరిచిపోకుండా, కంప్యూటర్లు పంపే అట్టపెట్టెల మీద ఆవుకు వున్నట్లు తెలుపూ నలుపూ మచ్చలు వేయించాడు. గుమ్మంలోకి ఆ మచ్చల పెట్టె వచ్చిందంటే ఇంట్లో పిల్లలకు పండుగ. తరువాత దశ తిరగబడింది. 2007లో తైవాన్‌కు చెందిన ఏసర్ కంపెనీ దానిని కొనేసింది. ఆ పేరు కొన్నేళ్లు మూలపడి వుండి, 2020లో మళ్లీ లాప్‌టాప్‌ల మీద కనిపించింది. అప్పట్లో అమెరికాలో అవి దొరికిన చోటు ఒక్క వాల్‌మార్ట్. ఆవు మచ్చల గుర్తు వున్నది గాని ఆ ఆవు లేదు, ఆ పాకా లేదు.

మన దేశంలోనూ ఈ పద్ధతి లేకపోలేదు. 2020 డిసెంబరులో ఫ్లిప్‌కార్ట్‌వారు నోకియా ప్యూర్‌బుక్ ఎక్స్14 అనే లాప్‌టాప్‌ను 59,990 రూపాయలకు తమ వద్ద మాత్రమే దొరికేలా ప్రకటించారు. నోకియా అనగానే మనకు గోడకేసి కొట్టినా పగలని పాత ఫోను గుర్తుకు వస్తుంది. అయితే ఇక్కడ నోకియావారు ఇచ్చింది పేరు వాడుకునే అనుమతి. పేరు అద్దెది అయినంత మాత్రాన వస్తువు చెడ్డదని నేను అనను. ఆ యంత్రం కిలో వంద గ్రాముల బరువుతో, ఆ రోజులకు తగిన చిప్పుతోనే వచ్చింది. అయితే మన మనసులోని నమ్మకం ఒకరి మీద, మన డబ్బు వెళ్లేది మరొకరికి. నాలుగేళ్ల తరువాత కీలు విరిగితే ఎవరి గుమ్మం తొక్కాలి? ఆ సంగతి కొనేముందే అడిగి తెలుసుకోవలసినది.

ఇక జియోబుక్. 2022లో రిలయన్స్ డిజిటల్‌లో 15,799 రూపాయలకు వచ్చింది. అందులో వున్నది ఫోన్లలో వాడే తరహా చిప్పు, 2 జీబీ మెమరీ. నడిపేది విండోస్ కాదు, జియోవారి సొంత వ్యవస్థ. పాఠాల వీడియోలు చూసుకునే పిల్లవాడికి అది చాలునేమో. విండోస్ లాప్‌టాప్ అనుకుని కొన్న తండ్రికి మాత్రం, కాలేజీవారు చెప్పిన సాఫ్ట్‌వేర్ ఎక్కించబోయిన రోజున తెలిసివస్తుంది. అది లాప్‌టాప్ ఆకారంలో వున్న వేరే వస్తువని.

మా మాస్టారు మూడో తిరకాసు ఒకటి చెప్పారు. పెద్ద పేరున్న కంపెనీయే, ఒక్కో దుకాణానికి ఒక్కో నంబరు వేసి ఇస్తుంది. పైకి చూస్తే రెండూ కవలలు. నంబరు చివర ఒక్క అక్షరం తేడా. ఆ అక్షరం వెనక తెర నాణ్యత తగ్గి వుండవచ్చు, మెమరీ సగమై వుండవచ్చు. "మరొకచోట ఇంతకన్నా తక్కువకు దొరికితే ఆ ధరకే ఇస్తాం" అని బోర్డు కట్టిన కొట్టువాడికి ఇది ఎంత వాటమో చూడండి. ఆ నంబరు మరొకచోట వుండనే వుండదు గదా! అందుకని పేరు చూసి కాక, పూర్తి నంబరు రాసుకుని లోపలి లెక్కలు పోల్చుకోవాలి.

ఇక అసలు చిక్కు. ఎం1లో మెమరీ 8 జీబీ, నిలవ 256 జీబీ. ఈ రెండు అంకెలూ మా అక్కయ్యకు ఎలా చెప్పానో మీకూ అలాగే చెబుతాను. 256 అన్నది సామాను కొట్టుగది. బియ్యం బస్తాలూ, పచ్చడి జాడీలూ అక్కడ. 8 అన్నది వంటింటి గట్టు. ఒకసారికి ఎన్ని గిన్నెలు పరుచుకుని వంట చేయగలరన్నది గట్టు పొడవును బట్టి వుంటుంది. గట్టు నిండితే, ఇప్పుడే అక్కరలేని గిన్నెను కొట్టుగదిలో పెట్టి, కావలసినప్పుడు మళ్లీ తెచ్చుకోవాలి. కంప్యూటరూ ఇదే చేస్తుంది. వంట ఆగదు, నెమ్మదిస్తుంది. కొట్టుగది చాలకపోతే బయట ఒక చిన్న పెట్టె తగిలించుకోవచ్చు. గట్టును పొడిగించడం మాత్రం ఈ యంత్రాలలో కుదరదు. మెమరీ చిప్పుతో కలిసే తయారవుతుంది. కొన్న రోజున ఎంత వుంటే చివరిదాకా అంతే. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడకూడదని మనవాళ్లు అన్నది ఇలాంటి చోటనే.

అలాగైతే వెయ్యి డాలర్లదే కొనమనవలసింది గదా అంటారేమో. ఇక్కడే మాస్టారు నన్ను ఆపారు. ఆ ఆగస్టులో 999 డాలర్ల ఎం2లోనూ గట్టు 8 జీబీయే! 1,099 పెట్టి ఎం3 తీసుకున్నా 8 జీబీయే! 16 కావాలంటే మరో 200 డాలర్లు సమర్పించుకోవాలి. మరి అదనంగా పెట్టే సొమ్ముకు వచ్చేదేమిటి? కొంచెం పెద్ద తెర, కొంచెం ఎక్కువ వెలుగు, మరింత వేగం, మెరుగైన కెమెరా, అయస్కాంతంతో అతుక్కునే చార్జరు. ఇవన్నీ మంచివే. అప్పు తెచ్చి కొనవలసినంత మంచివి కావు.

తరువాత లెక్క వేశాను. బావగారి "పాతికవేలు" తప్పని తేలింది. విద్యార్థులకు ఆపిల్‌వారు అప్పట్లో ఎం2ను 899కే ఇచ్చేవారు. డల్లాస్‌లో అమ్మకం పన్ను నూటికి 8.25. ఆ పన్ను బోర్డు మీది ధరలో కలిసి వుండదు, బిల్లు దగ్గర కలుస్తుంది. మనవాళ్లు మొదటి నెలలో బోల్తా పడేది అక్కడే. పన్నుతో కలిపి ఎం1 దాదాపు 757 డాలర్లు, ఎం2 దాదాపు 973. తేడా 216. అప్పట్లో డాలరు సుమారు 84 రూపాయలు గనుక పద్ధెనిమిది వేల చిల్లర. పాతికవేలు కాకపోయినా, మా బావగారి పెన్షనులో అది చిన్న ముక్క కాదు.

కొనేముందు మేనకోడలి చేత రెండు పనులు చేయించాను. మొదటిది, డిపార్టుమెంటులో ఏ సాఫ్ట్‌వేర్ వాడతారో సీనియర్లను అడగమన్నాను. మెకానికల్ పిల్లలు వాడే సాలిడ్‌వర్క్స్ మాక్ మీద నడవదు. బిజినెస్ అనలిటిక్స్ చదివేవారికి కావలసిన పవర్ బీఐ డెస్క్‌టాప్ కూడా నడవదు. పూర్వం ఇంటెల్ మాక్‌లలో విండోస్‌ను పక్కన ఎక్కించుకునే బూట్ క్యాంప్ సదుపాయం వుండేది, ఎం1నుంచి అదీ లేదు. అలాంటివారికి ఈ బేరం ఏడువందలకు కాదు గదా, రెండువందలకు వచ్చినా దండగే. మా పిల్ల కోర్సుకు ఆ బాధ లేదని తేలింది.

రెండవది, అమ్మేది ఎవరో చూడమన్నాను. వాల్‌మార్ట్‌వారి జాలస్థలం మన అంగడివీధి వంటిది. వారి సొంత సరుకు పక్కనే ఇతర వర్తకుల సరుకూ వుంటుంది. ఒకరు వాడి తిరిగిచ్చిన యంత్రాన్ని బాగుచేసి 'రిస్టోర్డ్' అని ముద్దుపేరు పెట్టి అమ్మేదీ అక్కడే. ధర ఇంకా తక్కువగా కనిపించి కన్ను అటు లాగుతుంది. అమ్మేదీ పంపేదీ వాల్‌మార్టేనని రాసి వుంటేనే మీట నొక్కమన్నాను.

నొక్కింది. మూడో రోజున యంత్రం వచ్చింది. "పాత చింతకాయ పచ్చడి అంటగట్టావు మామయ్యా" అన్నది ఫోనులో, నవ్వుతూనే. నాలుగేళ్లనాటి సరుకే మరి, కాదనను. పాత చింతకాయ పచ్చడిని ఆడిపోసుకుంటారు గాని, లంఖణాలు చేసి లేచినవాడికి పథ్యంలోకి ఇంట్లో పెద్దవాళ్లు వెతికేది దానినే. ఆ మాటే అన్నాను.

ఇంతటితో కథ ముగిస్తే నాకు మంచి పేరు మిగిలేది. 2024 అక్టోబరు 30న ఆపిల్‌వారు ఒక ప్రకటన చేశారు. ఎం2, ఎం3 మాక్‌బుక్ ఎయిర్‌లన్నిటిలోనూ ఇకమీదట మెమరీ 16 జీబీ, ధర మాత్రం మారదు. అంటే విద్యార్థికి అదే 899 డాలర్లకు రెట్టింపు గట్టు! వాల్‌మార్ట్‌లోని ఎం1 ఎప్పటిలాగే 8 దగ్గర నిలబడి వున్నది. పిల్ల కొని అప్పటికి రెండు నెలలు దాటింది. తిరిగి ఇచ్చే గడువు ఏనాడో పోయింది.

బావగారు ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ గుచ్చుకున్నది. అక్కయ్య మాత్రం, "నువ్వేం చేస్తావురా, నీకు ముందే చెప్పి చేస్తారా వాళ్లు" అన్నది. అంతకన్నా కోప్పడినా బాగుండేది.

ఆ నవంబరులోనే మా కాలేజీలో చరిత్ర చెప్పే మాస్టారొకరు నా దగ్గరికి వచ్చారు. వారి అమ్మాయి 2025 జనవరిలో చేరబోతున్నది. అదే కోర్సు, అదే దేశం, అదే ప్రశ్న. "మీ మేనకోడలికి వాల్‌మార్ట్‌ది కొనిపించారటగా, మేమూ అదే తీసుకోమంటారా?" అన్నారు. వద్దన్నాను. ఆయన నన్ను ఒక రకంగా చూశారు, సొంతవాళ్లకు ఒకటీ పరాయివాళ్లకు మరొకటీ చెబుతున్నానేమోనని. ఆగస్టులో ఆ 216 డాలర్లు తెరకూ కెమెరాకూ ఇస్తున్నాము, నవంబరులో అదే సొమ్ముకు ఎన్నటికీ పెంచుకోలేని గట్టు వస్తున్నది అని కాగితం మీద వేసి చూపించాక గాని ఆయన కుదుటపడలేదు. 2025 మార్చిలో ఎం4 రకం వచ్చినప్పుడు ధర మళ్లీ 999 దగ్గరే పెట్టి అందులోనూ 16 జీబీ ఇచ్చారు. ఆ తరువాత వాల్‌మార్ట్‌లో ఎం1 ధర మరికొంత తగ్గినా, ప్రోగ్రాములు రాసి బతకబోయే పిల్లలకు దానిని కొనమని నేను ఎవరికీ చెప్పలేదు. ఉత్తరాలు రాసుకుని, సినిమాలు చూసుకుని, పిల్లలతో ముఖాముఖి మాట్లాడుకునే ఇంటి పెద్దలకైతే ఇప్పటికీ సంకోచం లేకుండా చెబుతాను. అన్నట్టు, అందులో తెలుగు టైపు చేసుకునే ఏర్పాటు, తెలుగు అక్షరాలు కంపెనీవారే పెట్టి ఇస్తారు. నాబోటివాళ్లకు అదొక ఆకర్షణ.

మా పిల్ల సంగతి చెప్పాలి గదా. 2025 సెప్టెంబరులో మాక్‌లకు 'తాహో' అనే కొత్త వ్యవస్థ వచ్చింది. ఇంటెల్ చిప్పుల మాక్‌లకు ఇదే ఆఖరిదని ఆ జూన్‌లోనే చెప్పేశారు. ఎం1 ఆ గీతకు ఇవతలి వైపునే వున్నది. ఎక్కించుకున్నది, నడుస్తున్నది. ప్రాజెక్టు పని పెట్టుకున్న రాత్రులు మాత్రం బ్రౌజరులో పాతిక కిటికీలూ మూసేసి, పాటలు ఆపేసి, ఒక్క పనే తెరిచి కూర్చుంటుందట. "గట్టు మీద ఒక్క పొయ్యే మామయ్యా" అంటుంది. ఆ రెండువందలు అప్పుడే పెట్టి వుంటే బాగుండేదా అని ఒకసారి అడిగాను. "ఆ సెమిస్టరు పుస్తకాలూ, బస్సూ ఆ డబ్బుతోనే గడిచాయిగా" అన్నది. ఓదార్పుకు అన్నదో, నిజంగానే అన్నదో నేను గుచ్చి అడగలేదు.

మా అక్కయ్యకు మాత్రం ఆ యంత్రం మీద ఒకే ఒక్క ఫిర్యాదు వున్నది. దానిలో వున్నది 720పీ రకం పాత కెమెరా. సాయంత్రం దీపాల వేళకు అక్కడినుంచి పిల్ల మొహం మసకగా కనిపిస్తుంది. ప్రతి ఆదివారమూ అక్కయ్య ఫోను దగ్గరికి వంగి, "చిక్కిపోయావేమే, మొహం అలా నల్లబడిపోయిందేం, తింటున్నావా లేదా?" అని మొదలుపెడుతుంది. "అది కెమెరా అమ్మా, నేను కాదు" అని అటునుంచి ఆ పిల్ల కేకలు. పక్కగదిలోంచి మా బావగారు, "మీ తమ్ముణ్ణి అడుగు, పద్ధెనిమిది వేలు మిగిల్చాడు" అంటారు.